చాపకూడు నుంచి కాటిసీను దాకా

మా ఆఫీసులో తెలుగువాళ్ళం కలిసి ఓ సాయంత్రం సరదాగా కార్యక్రమం పెట్టుకుందామనుకున్నాం. పాటలు, పద్యాలు, మిమిక్రీ.. ఎవరికొచ్చింది వాళ్ళు చెయ్యడమే. బహుమతుల్లేవు, జడ్జీల్లేరు. "ఇన్‌ఫార్మలే కదా, దీనికి ప్లానింగ్ ఎందుకు?" అని మొదలైన పని, రెండు వారాలు తిరిగేసరికి ఒక కమిటీ, ఒక ఎక్సెల్ షీటు, నాలుగు మీటింగులు అయి కూర్చుంది. అలవాటైన ప్రాణాలు కదా :)

ఆ షీట్లో ఒక పేరు దగ్గర పని ఆగిపోయింది. మా బిల్డింగు గేటు దగ్గరుండే సెక్యూరిటీ ఆయనది వినుకొండ దగ్గర పల్లెటూరు. నాది నరసరావుపేట వైపు కాబట్టి నేను "బాబాయ్" అంటాను, ఆయన మాత్రం "సార్" మానడు. హరిశ్చంద్ర కాటిసీను పద్యాలు అద్భుతంగా పాడతాడు. నైట్ షిఫ్టుల్లో నేను రెండు మూడుసార్లు విన్నాను. అందుకే పేరు రాశాను. కమిటీలో ఒకాయన మర్యాదగానే అడిగాడు. "ఆయన మన ఎంప్లాయీ కాదు కదండీ, కాంట్రాక్టు మనిషి. ఒకర్ని రానిస్తే రేపు హౌస్‌కీపింగ్ వాళ్ళూ, క్యాంటీను వాళ్ళూ అడుగుతారు. ఎక్కడో ఒకచోట గీత గియ్యాలిగా?"

అప్పటికప్పుడు నాకు జవాబు తట్టలేదు. ఇంటికొచ్చాక ఆలోచిస్తే, ఈ గీత గొడవ మా పల్నాడులో చాలా పాతదేనని గుర్తొచ్చింది.

(పల్నాడంటే మాచర్ల, గురజాలే, నరసరావుపేటా వినుకొండా కాదు అనేవాళ్ళున్నారని తెలుసు. కానీ 2022 ఏప్రిల్లో పల్నాడు జిల్లా ఏర్పడ్డాక అందరం ఒకే గొడుగు కిందికొచ్చాం. ఆ చొరవతోనే "మా" అంటున్నాను.)

అసలు వృత్తి కళాకారులు కాని మామూలు మనుషులు కలిసి ప్రదర్శన ఇవ్వడం మన తెలుగులో ఎలా మొదలైందో చూడండి. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం వాళ్ళు రాజమండ్రి వచ్చి నాటకాలాడి వెళ్ళారు. వాళ్ళు ఖాళీ చేసిన పాకలోనే కందుకూరి వీరేశలింగం గారు తన విద్యార్థుల చేత నాటకాలు వేయించారు. అంటే కట్టిన స్టేజి ఇంకొకరిది, నటులు స్కూలు పిల్లలు, బడ్జెట్ దాదాపు సున్నా. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన మొదలైందే ఇలాంటి ఇన్‌ఫార్మల్ పనితో. తర్వాత 1886లో బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి సరసవినోదినీ సభ వచ్చింది. ఆయన వృత్తిరీత్యా వకీలు. పగలు కోర్టు, సాయంత్రం రిహార్సలు అన్నమాట.

సరే, పల్నాడుకొద్దాం. ఇక్కడ జనం కలిసి ఒక కథని మళ్ళీ మళ్ళీ తలుచుకునే సంప్రదాయం నాటకాల కంటే చాలా పాతది. నాగులేటి ఒడ్డున ఉన్న కారెంపూడిలో ప్రతి ఏడాదీ కార్తీక అమావాస్యతో వీరుల ఆరాధనోత్సవాలు మొదలవుతాయి. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధంలో చనిపోయిన వీరులని తలుచుకునే ఐదు రోజుల తిరునాళ్ళ అది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు.. ఏ రోజు ఏ ఘట్టమో ఖాయం. వీరవిద్యావంతులు ఆ కథ పాడతారు. ఎజెండా ఏటేటా మారదు, మీటింగు పెట్టి తేల్చాల్సిన పనిలేదు. తరతరాలుగా నడుస్తున్నది కాబట్టి ఎవరు ఎక్కడ నిలబడాలో అందరికీ తెలుసు.

వీటిలో మూడో రోజు మందపోరు. ఆ రోజే చాపకూడు. చాపలు పరిచి, వాటిమీద అన్నం రాసిగా పోసి, కులభేదం లేకుండా అందరూ కలిసి తినడం. బ్రహ్మనాయుడు పెట్టిన పద్ధతి అని చెబుతారు. మాల కన్నమదాసుని తన సేనానిగా చేసుకున్నవాడు కూడా ఆయనే. నలగామరాజు పక్షానికీ బ్రహ్మనాయుడి పక్షానికీ గొడవ కోడిపందెం మీద మొదలైందని కథ చెబుతుంది గానీ, ఎవరు ఎవరితో కలిసి కూర్చోవచ్చు అన్న ప్రశ్న కూడా ఆ కథలో అడుగునెక్కడో ఉందని నాకనిపిస్తుంది. ఇది చరిత్రా, పురాణమా అని పండితులు వాదించుకోవచ్చు. ఆ ఊళ్ళో ఇప్పటికీ చాప పరుస్తున్నారన్నది మాత్రం నిజం.

ఇంత గొప్పగా చెప్పి ఇక్కడితో ఆపేస్తే బాగానే ఉంటుంది. కానీ రెండో వైపు కూడా చెప్పాలి.

గుర్రం జాషువా 1895లో వినుకొండలో పుట్టాడు. తండ్రి యాదవ, తల్లి మాదిగ. పద్యం రాయడం మీద పిచ్చి ప్రేమ. ఒకసారి వినుకొండలోనే జరిగిన ఒక అవధాన సభలో ఆయన తన పద్యాలు చదివాడు. తక్కువ కులంవాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు గొడవ చేసి అవమానించారు. ఆ సభ పెట్టినవాళ్ళూ ఒక జాబితా రాసుకునే ఉంటారు కదా. ఎవరెవర్ని పిలవాలి, ఎవరు ఎప్పుడు మాట్లాడాలి అని. ఛందస్సు తప్పిందని ఎవరూ అనలేదు, అసలు గీతకి అవతల ఉండాల్సినవాడు ఇవతలికి ఎలా వచ్చాడన్నదే వాళ్ళ బాధ. కారెంపూడికీ వినుకొండకీ ఎంత దూరం చెప్పండి? చాపకూడు కథ తెలియని వాళ్ళు ఆ సభలో ఒక్కరైనా ఉండి ఉంటారా?

తర్వాతి సంగతి మీకు తెలిసిందే. 1941లో "గబ్బిలం" వచ్చింది. శతావధాని చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారు స్వయంగా జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఇవన్నీ పెద్దవాళ్ళు ఇచ్చిన గౌరవాలు. నాకు వీటన్నిటికంటే పెద్దదనిపించేది ఇంకోటుంది.

బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి "సత్యహరిశ్చంద్రీయం" 1912 నాటిది. అందులో కాటిసీను మా వైపు పల్లెల్లో ఎంత ప్రాణమో చెప్పలేను. ఆ సీనులో జాషువా "శ్మశానవాటి" పద్యాలు కలిపి పాడటం నటులకి అలవాటైపోయింది. నాటకం ఒకరిది, పద్యాలు ఇంకొకరివి. కలపమని ఏ కమిటీ తీర్మానం చెయ్యలేదు, జనం వినాలనుకున్నారు, నటులు పాడారు, అంతే. చిన్నప్పుడు మా ఊళ్ళో ఆ పద్యాలకి వన్స్‌మోర్‌లు కొట్టిన వాళ్ళలో, అవి జాషువావని తెలియనివాళ్ళే ఎక్కువ. సభలోకి రావద్దన్న మనిషి, ఊరూరా స్టేజి ఎక్కి కూర్చున్నాడు.

ఆ నాటకాల ఏర్పాటు కూడా మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి నచ్చే పద్ధతిలో ఉండేది. కాంట్రాక్టు నాటకం అంటారు. హరిశ్చంద్రుడు ఒక ఊరి నుంచి, చంద్రమతి ఇంకో ఊరి నుంచి, హార్మోనిస్టు మరో చోటి నుంచి నాటకం రాత్రికి వచ్చి కలుస్తారు. ఒక్కోసారి మొదటి హరిశ్చంద్రుడు, రెండో హరిశ్చంద్రుడు అని ఒకే పాత్రని ఇద్దరు పంచుకుంటారు. రిహార్సలు ఉండదు. అయినా నాటకం తెల్లారేదాకా నడుస్తుంది, ఎందుకంటే పద్యాలు అందరికీ ఒకటే, ఎవరి తర్వాత ఎవరు అందుకోవాలో అందరికీ తెలుసు. మనం దీన్నే ఇంటర్‌ఫేస్ సరిగ్గా ఉండటం అంటాం. అక్కడ చూసేది ఒక్కటే, పద్యం వచ్చా రాదా. మనిషి మెడలో ఏ రంగు ట్యాగు ఉందని కాదు.

అన్నట్టు, ఆ "కాంట్రాక్టు" అన్న మాట నాకు భలే తమాషాగా అనిపించింది. అదే మాట అక్కడ మనిషిని స్టేజి మీదకి పిలుస్తుంది, మా షీట్లో స్టేజి మీంచి దింపుతోంది!

ఐదో మీటింగులో ఇదంతా చెప్పాను, కొంచెం ఎక్కువసేపే చెప్పాను. గీత గియ్యాలన్నాయన వాదించలేదు. "అయితే రూలు ఎలా రాద్దామంటారు?" అన్నాడు. రాసుకున్నాం. ఆ సాయంత్రం ఆ బిల్డింగులో పనిచేసే ఎవరైనా పేరు ఇవ్వచ్చు. మనిషికి ఒకటే ఐటమ్, ఆరు నిమిషాలు. భోజనం అందరికీ ఒకే చోట, ఒకే బఫే.

ఆ మాట బాబాయ్‌కి చెబితే సంతోషిస్తాడనుకున్నాను. ఆయన ముందు అడిగింది ఇది. "పాడేది ఆరు నిమిషాలే సార్. పోయి రావడానికీ, అన్నం తినడానికీ కలిపి గంట పడుద్ది. అప్పుడు గేటు కాడ ఎవరుంటారు?"

ఇది మాకెవరికీ తట్టలేదు! పేరు రాసుకున్నాం గానీ, ఆ మనిషి గేటు వదిలి స్టేజి దాకా ఎలా వస్తాడో ఎవరూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆయన సూపర్‌వైజరుతో మాట్లాడి, ఆ గంటకి ఇంకో గార్డుని ఏర్పాటు చెయ్యాలి. షీట్లో అది కొత్త వరస. ఎదురుగా బాధ్యులు అన్న గళ్ళో నా పేరే రాసుకున్నాను.