ఇసుకలో దిద్దిన అక్షరములు



మా తాతగారు గుత్తి తాలూకాలోని ఒక పల్లెలో మిషను బడికి వెళ్లినవారు. పలక కొనుటకు ఇంట డబ్బు లేదు. పిల్లలు వంకలోని ఇసుక తెచ్చి నేలమీద పరచగా, అయ్యవారు వ్రేలు పట్టి అక్షరములు దిద్దించెడివారట. "మా పలక తుడిచే పనే లేదురా, గాలే తుడిచిపెట్టేది" అని ఆయన నవ్వెడివారు. ఈ ఇసుక చదువు ఒకప్పుడు సముద్రము దాటి ఇంగ్లాండునకు వెళ్లినదని నేను సెమినరీలో చదువుకొనునప్పుడు గాని ఎరుగను.

ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశపు పాదిరి 1787లో మద్రాసునకు వచ్చెను. 1789లో ఎగ్మూరులోని మగపిల్లల అనాథాశ్రమము ఆయన చేతికి వచ్చెను. ఆ పిల్లలలో ఎక్కువమంది తెల్ల సిపాయిలకు ఈ దేశపు స్త్రీలయందు పుట్టినవారు. చెప్పవలసిన ఉపాధ్యాయులకు పనియందు ఆసక్తి లేదు. ఒకనాడు బెల్ దొర ఒక వీధిబడి ప్రక్కగా పోవుచు, పిల్లలు ఇసుకలో వ్రేలితో వ్రాయుట చూచెను. వెంటనే తన బడిలోను ఇసుక పోయించెను. పెద్దవారు ఒప్పుకొననప్పుడు ఎనిమిదేండ్ల బాలుని చిన్నపిల్లలకు అయ్యవారిగా నియమించెను. నేర్చిన పిల్లవాడు నేర్వని పిల్లవానికి చెప్పుట మన వీధిబడులలో పాత సంగతియే. 1797లో బెల్ లండనులో ఈ పద్ధతిని గూర్చి పుస్తకము ప్రకటించెను. దానికి మద్రాసు పద్ధతి అని పేరు వచ్చెను.

అక్కడ ఏమి జరిగెనో చూడుడి. క్వేకరు సంఘస్థుడైన జోసెఫ్ లాంకాస్టరు 1798లోనే లండనులో అట్టి బడి పెట్టి యుండెను. రాజ్యముచేత స్థాపింపబడిన ఆంగ్లికను సంఘమువారు బెల్ పక్షము వహించి 1811లో నేషనల్ సొసైటీని పెట్టిరి. లాంకాస్టరు పక్షమువారు 1814 నాటికి బ్రిటిష్ అండ్ ఫారిన్ స్కూల్ సొసైటీగా ఏర్పడిరి. నేర్పునది ఒకే అక్షరమాల. పోట్లాట మాత్రము బిడ్డలు ఎవరివారై పెరుగవలెనని. మన గుత్తి, అనంతపురము ప్రాంతములకు సువార్త తెచ్చిన లండను మిషనును పోషించినవారు చాలవరకు రాజసంఘమునకు వెలుపలివారే గనుక, మన పెద్దలు ఈ తగవునకు దూరస్థులని చెప్పలేను. ఫ్రాన్సు దేశమునకు ఈ పద్ధతి 1815లో చేరగా, రాజపక్షమువారును కతోలిక గురువులలో అనేకులును ఇది ఇంగ్లీషువారి చదువు, ప్రొటెస్టంటుల చదువు అని ఎదిరించిరి. పాపము, మద్రాసు వీధిబడి అయ్యవారి మాట ఎవరికి పట్టినది? ఒక్క కంపెనీ డైరెక్టర్లు మాత్రము 1814లో వ్రాసిన జాబులో ఈ పద్ధతి ఇక్కడి ఉపాధ్యాయులదేనని ఒప్పుకొనిరి.

ఇక మన సీమకు వత్తము. 1800లో నైజాము దత్తమండలములను కంపెనీకి ఇచ్చివేయగా, వాటికి మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పిమ్మట మద్రాసు గవర్నరై, 1822లో అన్ని జిల్లాల బడుల లెక్క తెప్పించెను. రాజధాని అంతటిలో 12,498 బడులు తేలినవి. అనంతపురము అప్పటికి వేరు జిల్లా కాదు. 1882 వరకు బళ్లారిలోనిదే. బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ తెలుగు వ్యాకరణము వ్రాసిన దొర గనుక ఆయన మాట వినదగినది. 1823 ఆగస్టులో ఆయన పంపిన లెక్క యిది: జనాభా 9,27,857, బడులు 533, పిల్లలు 6,641. అనగా వేయిమందిలో సుమారు ఏడుగురు మాత్రమే. తెలుగు చెప్పు బడులు 226, కన్నడము చెప్పునవి 235. ఇంగ్లీషు చెప్పునది ఒక్కటే.

పెద్దపిల్లలచేత చిన్నవారికి చెప్పించుటను ఇంగ్లాండు అనుకరించుట తగియే యున్నదని ఆయన మెచ్చుకొనెను. పిల్లలు తమకు గాని తమ అయ్యవారికి గాని అర్థము కాని పద్యములను కంఠస్థము చేయుచున్నారనియు వ్రాసెను. (మన ఆదివారపు బడులలో వాక్యములు అప్పగించు పిల్లలను చూచినప్పుడు నాకు ఈ మాట జ్ఞప్తికి వచ్చును.) తరువాత కంపెనీ ఉద్యోగి వ్రాయుటకు జంకవలసిన సంగతి వ్రాసెను: దేశము బీదదగుచున్నది, సీమ గుడ్డలు వచ్చి ఇక్కడి నేతపనివాండ్ర బ్రతుకు చెడినది, ఇన్ని బడులలో ఒక్కదానికైనను ప్రభుత్వపు సహాయము లేకుండుట సిగ్గుచేటు. బీదలు తమ బిడ్డల లేత అవయవములు చిన్న పనికైనను తగినప్పుడే వారిని బడి మాన్పించుచున్నారు.

నూరేండ్లు గడచినవి. 1931 అక్టోబరు 20న గాంధీగారు లండనులో మాటలాడుచు, ఏబది నూరేండ్ల క్రిందటికంటె ఇండియాలో ఇప్పుడే నిరక్షరాస్యత ఎక్కువైనదనియు, పాత చదువు అను అందమైన చెట్టు నశించినదనియు చెప్పిరి. ఢాకా యూనివర్సిటీకి వైస్ ఛాన్సలరుగా పనిచేసిన ఫిలిప్ హార్టాగ్ ఆధారము చూపుమని అడిగి, ఏండ్ల తరబడి ఉత్తరములు నడిపి, 1939లో తన వాదమును పుస్తకముగా వేసెను. 1983లో ధరంపాల్ గారు మద్రాసు రాజధాని లెక్కలన్నిటిని అచ్చువేయించి గాంధీగారి మాటకు బలము చేకూర్చిరి. ఒకరికి ఈ లెక్కలు పరపాలన చేసిన పాడునకు సాక్ష్యము. ఒకరికి తమ పాలనపై వచ్చిన నింద. నా మట్టుకు, క్యాంబెల్ దొర స్వయముగా వ్రాసినది చదివిన తరువాత, హార్టాగ్ వైపు మ్రొగ్గుట కష్టము.

అయినను ఆ పట్టికలో నేను వెదకినది వేరు. బ్రాహ్మణ బాలురు 1,185, వైశ్యులు 981, శూద్రులు 2,998, ఇతర కులములవారు 1,174, మహమ్మదీయులు 243. ఆడపిల్లలు అందరు కలిసి అరువదిమంది. ఆ 1,174లో ఊరి వెలుపలి పేటల పిల్లవాడు ఒక్కడైన ఉన్నాడా? పట్టిక చెప్పదు. లండనులో వాదించినవారికి ఆ ప్రశ్న ముఖ్యము కాలేదు. మా పేటకు మిషను బడి వచ్చినది, దేవునికి స్తోత్రము. కాని అది ఏ జెండా నీడ లేకుండ వచ్చినదని చెప్పజాలను. 1854 తరువాత సర్కారు గ్రాంటు పుచ్చుకొను బడికి ఇనస్పెక్టరు వచ్చును, ఆయన మెచ్చవలెను. మొదటి యుద్ధము ముగిసినప్పుడు తమకు బొరుగులు, బెల్లము పంచి, చక్రవర్తికి జై కొట్టించిరని మా తాతగారు చెప్పెడివారు. చక్రవర్తి ఎవరో ఎరుగమనియు, బెల్లము మాత్రము మంచిదనియు అనెడివారు.

ఆయన మూడవ తరగతిలో నుండగా వరుసగా వానలు తప్పినవి. గొఱ్ఱెల వెంట పంపివేసిరి. బడి అంతటితో సరి. వృద్ధాప్యములో సంఘపు పుస్తకములో సంతకము చేయవలసి వచ్చినప్పుడెల్ల, కలము పట్టుటకు ముందు బల్లమీద వ్రేలితో తన పేరు ఒకసారి దిద్దుకొనెడివారు.