పొగమంచు ఒక్కటే చాలదు



ద్రాక్షావల్లిని గూర్చి యోహాను సువార్త 15వ అధ్యాయం నుండి మనం ఎన్నోసార్లు ధ్యానించాం. ఈ వారం ద్రాక్షతోటల చరిత్రలో ఒక పుట చూద్దాం. తాగుడు మన ఊళ్లలో ఎన్ని ఇళ్లు కూల్చిందో మనకు తెలుసు. కనుక ఇది మద్యాన్ని మెచ్చుకునే మాట కాదు, తోట నేర్పే పాఠం.

ఆస్ట్రియా తూర్పు అంచున, హంగేరీ సరిహద్దులో నాయ్‌సీడ్లర్ అనే పెద్ద సరస్సు ఉంది. లోతు మాత్రం రెండు మీటర్లయినా ఉండదు. సగానికి పైగా రెల్లు. 1860ల చివర్లో కొన్నేళ్లు పూర్తిగా ఎండిపోయింది కూడా. లోతు లేదు కనుక ఎండాకాలంలో నీరు త్వరగా వేడెక్కుతుంది. ఆకులు రాలే కాలం వచ్చేసరికి ఆ వెచ్చని నీటికి చల్లని రాత్రిగాలి తగిలి, తెల్లవారుజామున తోటలను పొగమంచు కమ్ముతుంది. ఆ తేమకు పండ్ల మీద బొట్రైటిస్ అనే బూజు పడుతుంది. మధ్యాహ్నం ఎండా గాలీ వచ్చి తేమను ఆరబెడతాయి. బూజు గుల్ల చేసిన తొక్కలోంచి నీరు ఆవిరైపోతుంది. పండు ముడుచుకుంటుంది, తీపి చిక్కబడుతుంది.

పడమటి ఒడ్డున రుస్ట్ అనే చిన్న పట్టణం ఉంది. 1681లో చక్రవర్తి మొదటి లియోపోల్డ్ దానికి స్వతంత్ర నగర హోదా ఇచ్చాడు. అందుకు ఆ ఊరు 60,000 బంగారు నాణేలతో పాటు 500 ఐమర్లు, అంటే దాదాపు 30,000 లీటర్ల తియ్యని ద్రాక్షారసం చెల్లించింది. సరస్సు ఇచ్చిన తీపి, ఒక ఊరి స్వేచ్ఛకు వెలలో భాగమైంది.

అయితే ఎదురుచూపు అందరికీ చేతకాదు. 1985లో ఆస్ట్రియాలో కొందరు తమ ద్రాక్షారసం తియ్యగా, చిక్కగా అనిపించాలని డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం కలిపి దొరికిపోయారు. దేశమంతటి ఎగుమతులు కుప్పకూలాయి. నిజాయితీగా పండించినవారూ నష్టపోయారు.

ఇంకొక సంగతి. ఎండ రాక ముసురు పట్టిందా, అదే బూజు గుత్తిని కుళ్లబెడుతుంది. పొగమంచు ఒక్కటే పండును తియ్యగా చేయదు.

మనం కష్టంలో ఉన్నవారి ఇంటికి వెళ్లి, "అంతా మేలుకే" అని చెప్పి వచ్చేస్తుంటాం. వారి మంచు మనకు కనబడుతుంది. ఎండ ఎవరు తీసుకువెళ్లాలి? ఈ వారం మనలో ప్రతివారం ఒక ఇంటికి వెళ్దాం. మాట తక్కువగా, కూర్చోవడం ఎక్కువగా.

ప్రభువు మనకు తోడైయుండును గాక. ఆమేన్.