కొమ్మల అణువుకు భీమవరం తాళంచెవి

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, మిడ్‌లాండ్ ఊళ్లో డౌ కెమికల్ సంస్థ ప్రయోగశాల ఉంది. అక్కడ డొనాల్డ్ టొమాలియా చెట్టు పెరిగినట్టు పెరిగే అణువును తయారుచేసి, 1985లో లోకానికి వెల్లడించాడు. నడిమి నుంచి కొమ్మలు, ప్రతి కొమ్మకు రెండేసి రెమ్మలు. ఒక్కో వరసను 'తరం' అన్నారు. మొదట, అంటే సున్నా తరంలో, నాలుగే కొసలు. ఐదో తరానికి 128, ఏడో తరానికి 512. గ్రీకులో చెట్టును డెండ్రాన్ అంటారు కాబట్టి డెండ్రిమర్ అని పేరు పెట్టారు.

అన్ని కొసలుంటే అన్ని మందు అణువులు తగిలించవచ్చు. వైద్యుల ఆశ అదే.

కానీ కణం గోడ ఊరుకుంటుందా? రెండు పొరల కొవ్వుతో అల్లుకున్న ఆ పలుచని త్వచం మీద రుణావేశం ఉంటుంది. డెండ్రిమర్ కొసల్లోని అమైన్లేమో ధనావేశంతో ఉంటాయి. రెండూ అతుక్కుంటాయి. 2004లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో మార్క్ బనజాక్ హోల్ బృందం సన్నని సూదిమొనతో ఉపరితలాన్ని తడిమే సూక్ష్మదర్శిని కింద కృత్రిమ త్వచాన్ని పరిశీలించింది. ఏడో తరం డెండ్రిమర్లు దానికి 15 నుంచి 40 నానోమీటర్ల చిల్లులు పొడిచాయి. ఐదో తరానివి కొత్త చిల్లులు పెట్టలేదు గానీ ఉన్నవాటిని పెద్దవి చేశాయి. కొసలకు ఎసిటైల్ తొడిగి ఆవేశం తగ్గిస్తే ఆ గొడవే లేదు. చిల్లుపడిన కణం లోపలి సరుకు కారిపోతుంది. మందు మోసే బండికి అది పనికొచ్చే గుణం కాదు.

గోడ పగలగొట్టకుండా లోపలికి పోవాలంటే తాళంచెవి కావాలి. అది ఒక తెలుగువాడి పనిలో దొరికింది.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఇద్దరు సోదరులను స్ప్రూ జబ్బు పొట్టన పెట్టుకుంది. లెడర్లీ సంస్థలో ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం ఆ జబ్బుకే మందయింది. అదే అణువును కాస్త మార్చి చేసిన అమినోప్టెరిన్‌ను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చాడు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. సుబ్బారావు 1948లోనే కన్నుమూశారు.

కొన్ని క్యాన్సర్ కణాలు ఫోలిక్ ఆమ్లాన్ని పట్టుకునే గ్రాహకాలను త్వచం మీద విపరీతంగా పెంచుకుంటాయి. పరిశోధకుడు జేమ్స్ బేకర్ బృందం ఎసిటైల్ తొడిగిన ఐదో తరం డెండ్రిమర్‌కు ఫోలిక్ ఆమ్లాన్నీ, మెథోట్రెక్సేట్‌నూ కలిపి తగిలించింది. గ్రాహకం విటమిన్ అయిన ఫోలిక్ ఆమ్లం కోసం చెయ్యి చాచి, దానితోపాటు మెథోట్రెక్సేట్ అనే విషాన్నీ లోపలికి లాక్కుంటుంది. 2005లో వెలువడిన ఫలితాల్లో, మానవ క్యాన్సర్ కణితులున్న ఎలుకలకు ఈ జోడింపు విడి మెథోట్రెక్సేట్ కన్నా బాగా పనిచేసింది, తక్కువ హాని చేసింది.