జీపు గేర్‌బాక్సు, విజయవాడ ఆటోనగర్

కలకత్తా–మద్రాసు రహదారి, హైదరాబాదు–మచిలీపట్నం రహదారి కలిసే చోట ఉన్న విజయవాడ, 1957లో ప్రకాశం బరాజు పూర్తయి కృష్ణ దాటడం సులువైన తరువాత, లారీల ఊరుగా పేరు తెచ్చుకుంది. లారీల వెంట మేస్త్రీలు, లేతు పనివారు, కమాను కట్టలు కట్టేవారు, టింకరింగ్ పనివారు వచ్చి ఊరి నడిమి వీధులలో షెడ్లు వేసుకున్నారు. వారందరికీ ఒకచోట స్థలం ఉండాలన్న ఆలోచనతో 1966లో పటమటకు చేరువగా జవహర్ ఆటోనగర్ ఏర్పడింది. దాని చరిత్ర ఎవరు చెప్పినా లారీ బాడీలతో మొదలై లారీ బాడీలతోనే ముగుస్తుంది. అయితే ఆ షెడ్ల మధ్యనే జీపు గేర్‌బాక్సు పని అనే సన్నని పాయ ఒకటి దశాబ్దాల పాటు సాగింది. అది రాతకెక్కలేదు కాబట్టి, ఆటోనగర్ పనితనంలో నిజమైన లోతు ఎక్కడుందో చాలామందికి తెలియకుండా పోయింది.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న జీపులు దేశమంతటా అమ్ముడయ్యాయి. మహీంద్రా సంస్థ 1947 నుంచి బొంబాయిలో విల్లీస్ జీపులను బిగించడం ప్రారంభించి, ఆ తరువాత అమెరికాలో 1953లో వెలువడిన సీజే-3బీ నమూనాను ఇక్కడే తయారుచేసింది. ఆంధ్ర పల్లెలకు ఈ బండి ఎక్కువగా ప్రభుత్వం ద్వారానే చేరింది. 1952లో సమాజ వికాస పథకం, 1959లో పంచాయతీ సమితులు వచ్చాక ‘సమితి జీపు’ అనే మాట జనం నోట నిలిచిపోయింది. పోలీసు, అటవీ, నీటిపారుదల శాఖలకూ అదే బండి. ఏళ్ల తరబడి తిరిగి పనికిరావని తేల్చిన జీపులను శాఖలు వేలం వేసినప్పుడు, వాటిని పాడుకున్నవారు మరమ్మతు కోసం ఆటోనగర్ గేటు దాటి లోపలికి తెచ్చేవారు. అలా వచ్చిన బండికి రంగు, రేకు, సీట్లు ఎవరైనా వేయగలరు; గేర్‌బాక్సు దింపి, విప్పి, మళ్లీ మోగకుండా బిగించగలవారు మాత్రం కొద్దిమందే ఉండేవారు.

ఆ పని స్వభావం తెలియాలంటే జీపు యంత్రాంగం కొంత తెలియాలి. ఇంజను ఎప్పుడూ వేగంగానే తిరుగుతుంది. ఆ వేగాన్ని తగ్గించి, తగ్గిన మేరకు తిప్పే బలాన్ని పెంచి చక్రాలకు పంపేది గేర్‌బాక్సు. సీజే-3బీలో ఉన్నది టి-90 అనే మూడు గేర్ల పెట్టె. దానికి వెనుక ‘ట్రాన్స్‌ఫర్ కేసు’ ఉంటుంది. శక్తిని వెనుక చక్రాలకు మాత్రమే పంపాలా, ముందు చక్రాలకు కూడా పంచాలా అన్నది అక్కడ నిర్ణయమవుతుంది, అవసరమైతే వేగాన్ని మరొక విడత తగ్గించేదీ అదే. మొదటి గేరులో ఇంజను దాదాపు 2.8 చుట్లు తిరిగితే గేర్‌బాక్సు నుంచి ఒక చుట్టు బయటికి వస్తుంది; ట్రాన్స్‌ఫర్ కేసులోని ‘లో’ గేరు దానిని 2.46 రెట్లు, ఇరుసులోని క్రౌను–పీనియను 5.38 రెట్లు తగ్గిస్తాయి. ఈ మూడింటినీ హెచ్చవేస్తే, చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజను సుమారు 37 సార్లు తిరుగుతుందని తేలుతుంది. బురద రేగడిలోనూ మన్యం ఘాటీలలోనూ జీపు ఆగకుండా ఎక్కడానికి కారణం ఈ హెచ్చవేతే. గేర్ల పళ్లపై విపరీతమైన ఒత్తిడి పడడానికి కారణం కూడా ఇదే.

టి-90లో రెండో గేరుకు, మూడో గేరుకు ‘సింక్రో’ ఉంటుంది. గేరు పడే ముందు రెండు భాగాల వేగాన్ని సమానం చేసే ఇత్తడి రింగుల అమరికను సింక్రో అంటారు. మొదటి గేరుకు అది లేదు. అందువల్ల కదులుతున్న బండిని మొదటి గేరులోకి దించాలంటే క్లచ్చి ఒకసారి నొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, కాలు తీసి ఇంజను వేగం పెంచి, మళ్లీ క్లచ్చి నొక్కి గేరు వేయాలి. డ్రైవర్లు దీనిని డబుల్ క్లచ్చి అంటారు. ఈ పద్ధతి రానివారు నడిపిన జీపులో మొదటి గేరు పళ్ల కొసలు అరిగి గుండ్రంగా మారతాయి. పంటికి పైపొర మాత్రమే గట్టిగా ఉండేలా వేడిచేసి చల్లార్చుతారు. ఆ పొర పోతే లోపలి మెత్తని ఉక్కు త్వరగా అరిగిపోతుంది. వెల్డింగుతో పన్ను నింపి సానబట్టే పని చౌక అనిపించినా, వెల్డింగు వేడికి ఆ గట్టిదనం నశిస్తుంది కాబట్టి అది మరమ్మతు కింద లెక్కకు రాదు.

అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే ఫిర్యాదు రెండో గేరు జారిపోవడం: వాలు దిగుతూ యాక్సిలరేటరు వదలగానే గేరు రాడ్డు దానంతటదే న్యూట్రల్‌లోకి వచ్చేస్తుంది. మంచి మేస్త్రీకీ మామూలు మేస్త్రీకీ తేడా తెలిసేది ఇక్కడే. మామూలు పనివాడు సింక్రో మార్చి పంపిస్తే, కొద్ది నెలలకు అదే బండి అదే జబ్బుతో తిరిగివస్తుంది, ఎందుకంటే సింక్రో అరగడం చాలాసార్లు ఫలితమే తప్ప మూలం కాదు. కింది షాఫ్టు మీద తిరిగే గేర్ల గుత్తిని క్లస్టర్ అంటారు. దానికి రెండు వైపులా ఉండే థ్రస్టు వాషర్లు అరిగితే ఆ గుత్తి ముందుకూ వెనక్కూ ఊగుతూ పళ్లను పక్కకు నెడుతుంది. రాడ్డును స్థానంలో నిలిపే గోళీ, స్ప్రింగు బలహీనపడి ఉండవచ్చు. గేరును జరిపే ఫోర్కు అంచు పలచబడి ఉండవచ్చు. ఇంజను కొసన షాఫ్టును మోసే పైలట్ బేరింగు వదులై ఉండవచ్చు. ఒక్కోసారి తప్పు గేర్‌బాక్సులోనే ఉండదు: పెట్టెను ఇంజనుకు కలిపే బెల్ హౌసింగు బోల్టులు సడలి పెట్టె మొత్తం ఇంజను వరుస నుంచి తప్పుకుని ఉంటుంది. వీటిలో ఏది మొదట చెడిందో పట్టుకోవడమే ఈ విద్యలో ప్రధానభాగం. విడిభాగాలు మార్చడం ఆ తరువాతి సంగతి.

బిగింపులోనూ నేర్పు కావాలి. క్లస్టర్ లోపల సన్నని సూది రోలర్లు వరుసగా నిలబడాలి. వాటిని గ్రీజుతో అంటించి, అసలు షాఫ్టుకు బదులు అదే మందం గల పొట్టి డమ్మీ షాఫ్టు దూర్చి, గుత్తిని పెట్టె అడుగున పడుకోబెట్టి, ముందు షాఫ్టు ఎక్కించిన తరువాత పైకి లేపి అసలు షాఫ్టును నెడితే డమ్మీ రెండో వైపు బయటికి వస్తుంది. ఒక్క రోలరు జారి పడినా పని మొదటికి వస్తుంది. ఆ డమ్మీని లేతు మీద సొంతంగా తీయించుకోవడం, దానిని తరువాతి చేతికి అప్పగించడం ఈ పనిలో గురుశిష్య సంబంధానికి ఆనవాలు.

ట్రాన్స్‌ఫర్ కేసులో ముందుగా అరిగేది నడిమి గేరు షాఫ్టు. అది కూర్చునే రంధ్రం కోలగా మారితే కొత్త షాఫ్టు వేసినా నూనె కారడం ఆగదు. రంధ్రాన్ని బోరు చేసి బుష్షు వేయాలి. గేర్‌బాక్సు నూనె తగ్గుతూ ట్రాన్స్‌ఫర్ కేసులో పెరుగుతూ ఉంటే రెండింటి మధ్య దారి ఏర్పడిందని అర్థం. నూనె ఎంపికనూ తేలికగా తీసుకోరాదు. క్రౌను–పీనియను కోసం చేసిన జీఎల్-5 రకంలోని గంధక రసాయనాలు వేడి మీద ఇత్తడిని దెబ్బతీయవచ్చు కాబట్టి సింక్రో ఉన్న పెట్టెకు జీఎల్-4 రకమే తగినది.

1973 తరువాత పెట్రోలు ధరలు పెరగడంతో జీపులకు డీజిలు ఇంజన్లు బిగించే పని విస్తరించింది, కథ మలుపు తిరిగింది అక్కడే. ప్రతి పేలుడుకూ గట్టిగా కుదిపే డీజిలు ఇంజను ముందు, పెట్రోలు ఇంజను కోసం రూపొందిన టి-90 నిలవడం కష్టమైంది. అప్పుడు గేర్‌బాక్సును బాగుచేయడమా, మార్చడమా అన్న ప్రశ్న వచ్చింది. తరువాతి మహీంద్రా జీపులలో వచ్చిన కె.ఎం.టి. 90 అనే నాలుగు గేర్ల పెట్టెలో ముందు గేర్లన్నింటికీ సింక్రో ఉండడం వల్ల చాలామంది అటు మొగ్గారు. కానీ మార్పిడి అంటే పెట్టె ఒక్కటే కాదు: అడాప్టరు ప్లేటు, క్లచ్చి ప్లేటు, పైలట్ బేరింగు, అడుగు క్రాసుమెంబరు అన్నీ కుదరాలి. సీజే-3బీ ఇరుసుల మధ్య దూరం 80 అంగుళాలే కాబట్టి వెనుక ప్రొపెల్లరు షాఫ్టు అసలే పొట్టిది; పొడవైన పెట్టె వేస్తే అది ఇంకా పొట్టిదై, వాలు పెరిగి, దాని కొసలలో కీళ్లుగా ఉండే క్రాసులు తరచూ పోతాయి. ఇంజను అసలుదే అయి, పోత పెట్టె పగలకుండా ఉంటే టి-90ను బాగుచేయడమే మేలు. డీజిలు వేసిన బండికి మాత్రం, ఈ కొలతలన్నీ ముందే చూసుకుని, మార్పిడి చేయడం సమంజసం. పాత పద్ధతి మీది అభిమానంతో చెప్పే మాట కాదిది, పళ్ల మీద పడే బరువును బట్టి చెప్పేది.

1980లలో సమితుల స్థానంలో మండలాలు వచ్చాయి, అధికారుల కింద జీపులకు బదులు కార్లు వచ్చాయి, విప్పి చూడకుండా పెట్టెను మొత్తంగా మార్చే అలవాటు పెరిగింది. టి-90ను చేతితో తిప్పి శబ్దాన్ని బట్టి లోపం చెప్పగల తరం వయసు మీరుతోంది. ఆటోనగర్‌కు కూతవేటు దూరంలో కానూరులో ఇంజనీరింగు కళాశాల ఉంది, నగరంలోనే పాలిటెక్నిక్ ఉంది. అక్కడి అధ్యాపకులు, విద్యార్థులు ఈ మేస్త్రీల ఎదుట కూర్చుని, ఏ వాషరు ఎంత మందం, ఏ సందు ఎంత ఉండాలి, ఏ జబ్బుకు ఏది మూలం అన్న వివరాలను వారి మాటలలోనే రాసిపెట్టాలి, వారి డమ్మీ షాఫ్టులను కొలిచి బొమ్మలు గీయాలి. ఆ పనిని ఈ ఏడాదే మొదలుపెట్టాలి.