పేరుంది, పాట పలకదు

మా అత్తయ్య చేతిలో ఇమిడే పాటల పెట్టె మొన్న మొరాయించింది. అన్నమయ్య పాట పేరు చూపిస్తుంది, పాట పలకదు. ‘‘ఏందమ్మా, ఇది?’’ అంది ఆవిడ. పేరు చివరున్న డబ్ల్యూ.ఎం.ఏ. చెరిపి ఎం.పి.త్రీ అని పెట్టాను. నా తెలివి చూడండి! పేరు మారిస్తే లోపలిది మారుతుందా? మావాడు కంప్యూటర్లో పాటనే ఎం.పి.త్రీగా మార్చాక పలికింది. ఆ మార్పిడిలో చెవి పట్టించుకోని ధ్వనులు కొన్ని రాలిపోతాయట.

తిరుమల కొండమీద ఇంతకన్నా పెద్ద చిక్కే వచ్చింది. 1922 ప్రాంతంలో ఆలయంలోని సంకీర్తన భాండాగారం నుంచి తాళ్ళపాక వారి రాగిరేకులు బయటపడ్డాయి. వేల పాటలు! ప్రతి పాటకూ రాగం పేరుంది, స్వరం లేదు. కొండమలహరి, అమరసింధు... పాడి చూపేదెవరు? అన్నమయ్య పోయింది 1503లో. సాహిత్యం రాగి కాపాడింది. బాణీ మాత్రం గొంతులతోపాటే పోయింది.

రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు ఎన్నో కీర్తనలకు స్వరాలు కూర్చారు. ఆయన తర్వాత ఇంకొందరు కట్టారు. అంటే మనం వింటున్నది అన్నమయ్య మాట, మన కాలం వాళ్ళ బాణీ. ఈ సంగతి తెలిసిన రోజు నాకు కాస్త దిగులేసింది.

అత్తయ్యకు చెప్పాను.

‘‘ఎవురు కడితే ఏంలేమ్మా, కొంచెం గట్టిగా పెట్టు’’ అంది.