గిత్తకి ఉలవలు... మరి అమ్మాయికి?

పందెపు గిత్తల్ని పెంచే ఇళ్ళు మీరెప్పుడైనా చూశారా? సంక్రాంతికో, శివరాత్రి తిరునాళ్ళకో బండలాగుడు పోటీ ఉందంటే చాలు, ఎన్నో రోజుల ముందునుంచే ఆ ఇంట్లో హడావుడి మొదలు. ఉలవలు ఉడకేసి పెడతారు. పొద్దున్నే నడకకి తీసుకెళతారు. ఒళ్ళు రుద్దుతారు, దిష్టి తీస్తారు. పొరుగూరి జతకన్నా నాలుగడుగులు ఎక్కువ లాగితే ఊరంతా పండగే. ఒంగోలు గిత్త అంటే మనకంత మమకారం. ఉండాల్సిందే, తప్పు లేదు.

అదే ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి, కబడ్డీ జట్టులో నన్ను తీసుకున్నారని ఎగురుకుంటూ వస్తే మాత్రం, “ఆడపిల్లవి, సుకుమారం! నీకెందుకే ఆ ఆటలు?” అంటుంది నాయనమ్మ.

తమాషా ఏమిటంటే, సెలవు రోజు తెల్లారేసరికి ఆ నాయనమ్మే అదే పిల్లని మిరపకోతకి తోడు రమ్మంటుంది. గుంటూరు, ప్రకాశం నల్లరేగడి చేలల్లో పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా నడుం వంచి మిరపకాయలు కోసేదీ, పత్తి తీసేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. కల్లంలో ఘాటుకి కళ్ళు మండుతున్నా కూర్చుని తాలుకాయలు ఏరేదీ వాళ్ళే. అక్కడ వాళ్ళని ఎవరూ సుకుమారం అనరు. మరి ఆటస్థలం గేటు దగ్గరికి రాగానే ఆ సుకుమారం ఎక్కణ్ణించి వచ్చిపడుతుందో!

మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్ళు దీన్ని ‘వైఖరి’ అంటారు. 1935లో గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికన్ పండితుడు సామాజిక మనస్తత్వ శాస్త్రానికి ఇదే ముఖ్యమైన విషయమన్నాడు. దీని గురించి చదువుతుంటే నాకు మన జడ గుర్తొచ్చింది. వైఖరిలో కూడా మూడు పాయలుంటాయట. మనం నమ్మేది ఒకటి, మనకి అనిపించేది ఒకటి, మనం చేసేది ఒకటి. మూడూ కలిపి బిగించి అల్లితే అదే మన వైఖరి. ఒక్కోసారి ఒక పాయ వదులైపోతుంది. అయినా జడ బాగానే ఉందనుకుంటూ తిరుగుతాం.

ఇంతకీ ఈ జడ అల్లేదెవరు? మొదట కథలు.

మన పల్నాటి కథే తీసుకోండి. పన్నెండో శతాబ్దం నాటి మాట. గురజాల పక్షాన నాయకురాలు నాగమ్మ, మాచర్ల పక్షాన బ్రహ్మనాయుడు. కోడిపందెం పెట్టుకున్నారు. ఓడిన మాచర్లవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలి వెళ్ళాల్సొచ్చింది. చివరికి కారంపూడి దగ్గర యుద్ధం. ఈనాటికీ అక్కడ వీరుల తిరునాళ్ళు జరుగుతాయి. మన చిన్నప్పుడు ఈ కథ ఎలా విన్నాం? నాగమ్మ మాయ చేసి గెలిచిందనే కదూ! మగవాడు గెలిస్తే నేర్పు, ఆడది గెలిస్తే మాయ. ఆనాడు నిజంగా ఏం జరిగిందో కోళ్ళకే తెలియాలి. కానీ ఆ కథ విన్న ప్రతి ఆడపిల్ల మనసులోనూ ఒక పాయ అల్లుకుపోయింది – గెలిచే ఆడదాన్ని జనం మెచ్చరని.

ఇది మన పల్నాటికే పరిమితం అనుకునేరు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి తొలిసారి 800 మీటర్ల పరుగు పెట్టారు. జర్మనీ అమ్మాయి లీనా రాడ్కే 2 నిమిషాల 16.8 సెకన్లలో ప్రపంచ రికార్డుతో గెలిచింది. ఫైనల్లో పరుగెత్తినవాళ్ళందరూ గీత దాటారు. కొందరు రొప్పుతూ గడ్డిలో చతికిలబడ్డారు. పరుగెత్తిన మగవాళ్ళు మాత్రం రొప్పరా? కానీ కొన్ని పత్రికలు, ఆడవాళ్ళు కుప్పకూలిపోయారనీ, పరుగు సగంలోనే మానేశారనీ రాసేశాయి. అంతే, ఆ పందేన్నే తీసేశారు. మళ్ళీ పెట్టింది 1960లో, రోమ్‌లో. ఒక అబద్ధపు వార్తకి ముప్పై రెండేళ్ళ శిక్ష!

సరే, అల్లిన జడని విప్పడం ఎలా? రెండు దారులున్నాయంటారు. మొదటిది మంచిమాటలతో నచ్చజెప్పడం. అయితే ఎవరు చెబుతున్నారన్నది ముఖ్యం. ఎక్కడో ఉన్న పెద్దమనిషి వేదికెక్కి “ఆడపిల్లల్ని ఆడనివ్వండి” అంటే చప్పట్లు కొట్టి ఇంటికొస్తాం. అదే శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస పక్కన ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి, 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ అయినప్పుడు? అది మనలాంటి ఇంట్లోంచి వచ్చిన జవాబు. వంద ఉపన్యాసాల పెట్టు.

రెండో దారి ఇంకా చిత్రమైనది. ముందు చేత మారితే, మనసు దాని వెనకాలే వస్తుందట. 1959లో ఫెస్టింగర్, కార్ల్‌స్మిత్ అనే ఇద్దరు అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. కుర్రాళ్ళ చేత గంటసేపు పరమ విసుగు పుట్టించే పని చేయించి, తర్వాత వచ్చేవాళ్ళతో అది చాలా బావుందని చెప్పమన్నారు. అందుకు కొందరికి 20 డాలర్లు, కొందరికి ఒక్క డాలరే. చివరికి ఆ పని నిజంగానే బాగుందన్నది ఎవరనుకున్నారు? ఒక్క డాలరు పుచ్చుకున్నవాళ్ళు! 20 డాలర్లవాడికి డబ్బుకోసం అబద్ధమాడానన్న సమాధానం ఉంది. ఒక్క డాలరువాడికి అదీ లేదు. చేసిన పనికీ మనసులో మాటకీ పొత్తు కుదరక, మనసునే మార్చుకున్నాడు.

ఇది చదివి నేను చాలాసేపు అలా కూర్చుండిపోయాను. ఎనిమిదో తరగతి దాకా నాకు రింగాట అంటే ప్రాణం. పెద్దమనిషినయ్యాక నా రబ్బరు రింగు అటకెక్కింది. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. “ఇంక బావుండదమ్మా” అంది అమ్మమ్మ, అంతే. ఏడాది తిరక్కుండానే, “నాకు ఆటలంటే మొదట్నుంచీ ఇష్టం లేదు” అని అందరితోనూ చెప్పడం మొదలుపెట్టాను. నమ్మాను కూడా. ముందు చేత ఆగింది, మనసు దాని వెనకాలే నడిచింది. మనలో ఎంతమందికి ఇలాంటి “ఇష్టం లేదు”లు ఉన్నాయో కాస్త అటకెక్కి వెతుక్కోవాలి.

అయితే అదే తాళంచెవి తలుపు తెరవడానికీ పనికొస్తుంది. ఇంకొల్లు దగ్గర నాగండ్ల అనే ఊరుంది. అప్పట్లో ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. అక్కడ 1973లో పుట్టాడు పుల్లెల గోపీచంద్. మోకాలికి ఆపరేషన్లు అయ్యాయి. చైనావాళ్ళని మనం గెలవలేమన్న నమ్మకం చుట్టూతా ఉండనే ఉంది. 2001లో ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌నే 15–12, 15–6తో ఓడించాడు. 1980లో ప్రకాశ్ పదుకొణె గెలిచాక ఆ కప్పు మళ్ళీ మనకి రావడం అదే.

తర్వాత ఆయన గురువయ్యారు. ఆయన దగ్గరికి వచ్చిన పిల్లల్లో పి.వి. సింధు ఒకరు. ఆ పిల్లని అకాడమీకి తీసుకెళ్ళడానికి రానూపోనూ రోజూ 50 కిలోమీటర్లకు పైగా తిరిగేవారు ఆ ఇంటివాళ్ళు. అలా తెల్లవారుజామున లేచి తిరిగిన తల్లిదండ్రులు ఆటలు దండగని ఎప్పటికీ అనలేరు. వాళ్ళ చేతే వాళ్ళని కట్టేస్తుంది.

సింధుకి ఆట వచ్చు, ఎత్తు ఉంది, ఓపిక ఉంది. గొంతు మాత్రం లేవదు. నెమ్మదస్తురాలు. మన ఇళ్ళల్లో ఆడపిల్లకి అది మంచి గుణం కదూ! కోర్టులో అది బరువైపోయింది. గోపీచంద్ ఏం చేశారో ఆయనే తర్వాత చెప్పారు. కోర్టు మధ్యలో నిలబెట్టి, చుట్టూ ఆటగాళ్ళూ కోచ్‌లూ చూస్తుండగా గట్టిగా అరవమన్నారు. అరిచేదాకా రాకెట్ ముట్టుకోవద్దన్నారు. ఆ పిల్ల ఏడ్చింది. “ధైర్యంగా ఉండు తల్లీ” అని ఉపన్యాసం చెప్పి ఊరుకోలేదాయన. ముందు కేక, ధైర్యం దాని వెనకాల.

2016 ఆగస్టు 19, శ్రావణ శుక్రవారం. రియోలో ఫైనల్. మా వీధిలో పేరంటానికొచ్చిన ముత్తయిదువలు శనగల పొట్లాలు ఒళ్ళో పెట్టుకుని టీవీ ముందే కూర్చుండిపోయారు. అవతల స్పెయిన్ అమ్మాయి కరోలినా మారిన్ పాయింటు పాయింటుకీ అరుస్తోంది. మన పిల్లా తక్కువ తినలేదు. మొదటి గేమ్ 21–19తో సింధుదే. తర్వాత రెండూ 12–21, 15–21తో పోయాయి. అయినా ఒలింపిక్స్‌లో వెండి పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ మన తెలుగుపిల్లే అయింది. “అంత అరుపేమిటమ్మా” అని ఆ గదిలో ఒక్కరంటే ఒక్కరు అనలేదు. మా పక్కింటి పెద్దావిడైతే తనే అరిచింది!

కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళతో వాదించి గొంతు పాడుచేసుకోకండి. నాయనమ్మని ఒక్కరోజు ఆటస్థలానికి తీసుకెళ్ళి, మనవరాలి మంచినీళ్ళ సీసా చేతికిచ్చి కూర్చోబెట్టండి. బూట్లు కొనడానికి నాన్నని వెంటబెట్టుకెళ్ళండి. ఇంటికొచ్చాక “ఎన్ని పాయింట్లే?” అని మీరడగండి. చేత మారనివ్వండి. మాట అదే మారుతుంది.

ఇంకొక్క మాట. గిత్తకి ఉడకేసిన ఉలవల నీళ్ళేగా మనింట్లో ఉలవచారయ్యేది! ఈసారి కాచినప్పుడు మొదటి గరిటె ఎవరి కంచంలో పడుతోందో ఒక్కసారి చూసుకోండి.