అల్-మునక్కబ్ రేవుకి ఒక రోజు

స్పెయిన్ వెళ్ళే ముస్లిం ఎవరైనా ముందు మూడు ఊళ్ళ పేర్లు చెబుతాడు. కొర్దోబా, గ్రనడా, సెవిల్. ఉర్దూలో చదువుకున్నవాళ్ళకి అవి ఖుర్తుబా, గర్నాతా, ఇష్బీలియా. మేం వేసుకున్న ప్రయాణంలోనూ అవే ఉన్నాయి. గ్రనడాలో అల్‌హమ్రా చూశాక ఒక రోజు మిగులుతోంది. ఆ రోజుని అల్మున్యేకర్ అనే సముద్రపు ఊరికి కేటాయించాం. అక్కడేముందని మిత్రులు అడిగారు. చెప్పుకోదగ్గ మసీదు లేదు, మహలు లేదు, మన వాళ్ళ వైభవం ఏమీ మిగల్లేదు కదా అన్నారు. నిజమే. వైభవం కోసమైతే అక్కడికి వెళ్ళనక్కర్లేదు.

అక్కడ ఉన్నది ఒక రేవు. అరబ్బులు దాన్ని అల్-మునక్కబ్ అన్నారు. 755లో ఆ రేవులో ఒక కాందిశీకుడు పడవ దిగాడు. పేరు అబ్దుర్రహ్మాన్. అయిదేళ్ళ క్రితం దాకా డమాస్కస్ ఖలీఫాల మనుమడు. 750లో అబ్బాసీలు ఉమయ్యాల రాజ్యాన్ని కూలదోసి ఆ కుటుంబంలో దొరికినవాణ్ణి దొరికినట్టు చంపారు. తరుముకొస్తున్న సైనికుల నుంచి తప్పించుకోవడానికి అన్నదమ్ములిద్దరూ యూఫ్రటీస్ నదిలో దూకారు. ప్రాణాలు తీయమని ఒడ్డునుంచి పిలిచిన మాట నమ్మి తమ్ముడు వెనక్కి ఈదాడు. వాడి తల తెగింది. అన్న అవతలి ఒడ్డు చేరాడు. బద్ర్ అనే నమ్మకస్తుడైన సేవకుడితో పాలస్తీనా, ఈజిప్టు, ఉత్తరాఫ్రికా అంతా దాక్కుంటూ తిరిగాడు. చివరికి తలదాచుకున్నది తల్లి తరపు వాళ్ళ దగ్గర. తల్లి బెర్బెర్ స్త్రీ. ఆ మేనమామల గడ్డ నుంచే సముద్రం దాటి ఈ రేవుకొచ్చాడు. మరుసటి ఏడు, 756లో, కొర్దోబా గెలిచి అమీరయ్యాడు. 785 ప్రాంతంలో కొర్దోబా మసీదుకి పునాది వేశాడు.

ఉర్దూ ఇళ్ళలో పెరిగిన మాలాంటి వాళ్ళకి అందలుస్ కొత్త కాదు. హైదరాబాద్ సంస్థానంలో కొలువు చేసిన అబ్దుల్ హలీం షరర్ 'ఫ్లోరా ఫ్లోరిండా' నవల రాసింది ఆ దేశం మీదే. నసీం హిజాజీ నవలల్లో గర్నాతా ఎన్నిసార్లు కూలిందో చెప్పలేం, అట్టలు చిరిగిపోయేదాకా అవి మొహల్లాలో చేతులు మారేవి. ఇక్బాల్ 1933లో కొర్దోబా మసీదు చూసి రాసిన కవిత సరే సరి. అదే 'బాలె జిబ్రీల్' సంపుటిలో (1935) ఇంకో చిన్న కవిత ఉంది. అబ్దుర్రహ్మాన్ అందలుస్‌లో నాటిన మొదటి ఖర్జూరపు చెట్టు మీద. పరాయి నేలలో నిలబడ్డ ఆ చెట్టుని చూసి అబ్దుర్రహ్మాన్ అరబ్బీలో చెప్పుకున్న పద్యాలే దానికి మూలం. మసీదు కవిత అందరికీ తెలుసు. చెట్టు కవితని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ఇదే మా ఫిర్యాదు. మనం రాజు వేసిన స్తంభాలు లెక్కపెట్టాం గానీ ఆ రాజు దిక్కులేనివాడై దిగిన ఒడ్డు ఎక్కడుందని అడగలేదు.

ఇక ప్రయాణం సంగతి. గ్రనడా నుంచి 80 కిలోమీటర్ల పైచిలుకు. బస్సులో గంటన్నర పడుతుంది. ఊరు దాటిన కాసేపటికే కొండ కనుమ వస్తుంది. దాని పేరు 'సుస్పీరో దెల్ మోరో', మూరు నిట్టూర్పు. 1492 జనవరి 2న గ్రనడా తాళాలు ఒప్పజెప్పిన ఆఖరి సుల్తాను అబూ అబ్దుల్లా ఇక్కడ వెనక్కి తిరిగి చూసి కన్నీళ్ళు పెట్టుకున్నాడనీ, మగాడిలా కాపాడుకోలేక ఆడదానిలా ఏడుస్తున్నావా అని తల్లి ఎత్తిపొడిచిందనీ కథ. గెలిచినవాళ్ళు చెప్పుకున్న కథ ఇది. ఓడినవాణ్ణీ, ఆడదాన్నీ ఒక్క వాక్యంలో కించపరచడం వాళ్ళకి సులువు. విచిత్రం ఏమిటంటే మన ఉర్దూ రచయితలు కూడా దాన్ని తలకెత్తుకున్నారు. కనుమ దగ్గర బస్సు ఆగదు. ఆగకపోవడమే మంచిది.

ఊళ్ళో ముందు చూడాల్సింది విగ్రహం. సముద్రం ఒడ్డున పెద్ద గుట్ట ఉంది, పెన్యోన్ దెల్ సాంతో అంటారు. గుట్ట మీద శిలువ, గుట్ట కింద కత్తి పట్టుకు నిలబడ్డ అబ్దుర్రహ్మాన్ విగ్రహం. ఆ ఊరి క్యాథలిక్కులే ఆయన్ని అక్కడ నిలబెట్టుకున్నారు. మా ఊరికొచ్చినవాడు, మా చరిత్రలోవాడు అన్నారు. ఇది చిన్న సంగతి కాదు.

అయితే ఆ ఊరికి ఆయనా మొదటి అతిథి కాదు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే ఫినీషియన్లు వచ్చి ఊరు కట్టారు. రోమన్ల కాలంలో దాని పేరు సెక్సి. తెలుగు చెవికి నవ్వొస్తుంది గానీ ఇప్పటికీ ఆ ఊరివాళ్ళని సెక్సితానోలంటారు. చేపలు ఉప్పులో ఊరవేసిన తొట్లు మహువేలో అనే తోటలో బయటపడ్డాయి. రోమన్లు కట్టిన నీటి కాలవలో కొంత భాగం నేటికీ పొలాలకి నీళ్ళిస్తోంది. ఊరి మ్యూజియంలో ఈజిప్టు ఫారో అపోఫిస్ పేరు చెక్కిన రాతి పాత్ర ఉంది. స్పెయిన్‌లో దొరికిన రాతల్లో అన్నిటికంటే పాతది అదేనట. అంటే ఆ దేశపు మొట్టమొదటి అక్షరాలు కూడా సముద్రం మీదనుంచి దిగుమతి అయినవే. ఎవరు ముందు, ఎవరు వెనక అని లెక్క తీస్తే ఆ ఊళ్ళో ఎవరూ మిగలరు.

పైన శాన్ మిగెల్ కోట. రోమన్ల పునాదులు, వాటి మీద అరబ్బుల గోడలు, వాటి మీద క్రైస్తవ రాజుల బురుజులు. నెపోలియన్ యుద్ధంలో ఇంగ్లీషు ఓడలు దాన్ని ఫిరంగులతో కొట్టాయి. తర్వాత ఊరివాళ్ళు ఆ శిథిలాల్లోనే తమ స్మశానం పెట్టుకున్నారు. 1980ల దాకా అక్కడే పూడ్చేవారు.

మాకు అంతకంటే ఆసక్తి కోట కింది పొలాల మీద. ఈ తీరంలో చెరకు వేసింది అరబ్బులు. వెయ్యేళ్ళు దాని మీద బతికారు. ఆఖరి చక్కెర మిల్లు పక్క ఊరు సలొబ్రేన్యాలో 2006లో మూతపడింది. ఇప్పుడు మామిడి, అవకాడో, చిరిమోయా పండిస్తున్నారు. చిరిమోయా మన సీతాఫలానికి అక్క వరస. దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. స్పానిష్‌లో చక్కెర అసూకర్, అరబ్బీ అస్-సుక్కర్. దాని మూలం మన శర్కర. మనం నారింజ అంటాం, వాళ్ళు నరాంహ అంటారు. పంటకాలవ అసేకియా, అంటే అరబ్బీ సాఖియా. ఊరి మేయరు అల్కాల్దే, మన ఖాజీయే. క్యాథలిక్ ముసలమ్మ వర్షం రావాలని కోరుకుంటూ 'ఓహలా' అంటుంది. అల్లా తలిస్తే అని అర్థం. ఆమెకి ఆ సంగతి తెలియకపోవచ్చు. రైతు అనే మాట అరబ్బీ రయ్యత్ నుంచి వచ్చిందని మన రైతుకీ తెలియదు. కచేరీలు, దస్తావేజులు తెలుగులో కలిసిపోయినట్టే అవీ అక్కడ కలిసిపోయాయి. మాటలకి ఎవరూ దేశబహిష్కారం వేయలేకపోయారు. మనుషులకి వేశారు.

ఆ కథ కూడా ఈ తీరానిదే. అల్-మునక్కబ్ 1489లో ఇసబెల్లా, ఫెర్నాండోల వశమైంది. 1491లో గ్రనడా లొంగుబాటు ఒప్పందం రాసుకున్నారు. మీ మతం, మీ మసీదులు, మీ ఖాజీలు మీకుంటారని అందులో మాటిచ్చారు. మాట ఎనిమిదేళ్ళయినా నిలవలేదు. 1499లో సిస్నేరోస్ అనే మతాధికారి వచ్చి బలవంతపు బాప్టిజాలు మొదలుపెట్టాడు. అరబ్బీ గ్రంథాలు గ్రనడా నడిబజారులో తగలబడ్డాయి. 1502కల్లా కాస్తీల్ రాజ్యంలో ముస్లిమన్నవాడు ఉండకూడదన్నారు. ఉంటే క్రైస్తవుడిగా ఉండు, లేదా వెళ్ళిపో. అలా మారినవాళ్ళని మొరిస్కోలన్నారు. మారినా నమ్మలేదు. స్నానం చేస్తే అనుమానం, పంది మాంసం తినకపోతే అనుమానం. తుర్కు సుల్తాను ఓడలొస్తే వీళ్ళే దారి చూపిస్తారని సముద్రం దగ్గర కాపురాల మీద ఆంక్షలు పెట్టారు. వినడానికి ఇవి నిన్నటి పత్రికలో చదివినట్టే ఉంటాయి.

1567లో ఫిలిప్ రాజు పేరు మీద ఒక శాసనం వచ్చింది. మూడేళ్ళలో అరబ్బీ మాట్లాడటం మానాలి. అరబ్బీ కాగితాలు చెల్లవు. ఆడవాళ్ళ ముసుగులు, పాత దుస్తులు, పాత పేర్లు, హమ్మాములు అన్నీ బంద్. శుక్రవారాలు ఇంటి తలుపులు తీసి ఉంచాలి. దీనికి ఫ్రాన్సిస్కో నూన్యెస్ ములేయ్ అనే ముసలి మొరిస్కో ఒక అర్జీ రాశాడు. మా దృష్టిలో అల్‌హమ్రా కంటే విలువైన వారసత్వం ఆ అర్జీ.

ములేయ్ తిరుగుబాటుదారు కాదు. క్రైస్తవుడు. చిన్నప్పుడు గ్రనడా మొదటి ఆర్చ్‌బిషప్ దగ్గర పనిచేశాడు. ఆయన ఏమంటాడంటే, మా ఆడవాళ్ళ బట్టలు ఇస్లాం బట్టలు కావు, ఈ ప్రాంతపు బట్టలు. ప్రతి ప్రాంతానికీ ఒక కట్టు ఉంటుంది. అరబ్బీ ఇస్లాం భాష అంటున్నారు, తూర్పు దేశాల క్రైస్తవులు, మాల్టా క్రైస్తవులు మాట్లాడేది అరబ్బీయే కదా. హమ్మాముకి పోయేది ఒళ్ళు కడుక్కోవడానికి. పేర్లు మార్చేస్తే ఎవరు ఎవరి బిడ్డో, ఏ ఇంటివాళ్ళో రేపు ఎలా తెలుస్తుంది? మూడేళ్ళలో ముసలివాళ్ళు కొత్త భాష నేర్చుకోగలరా?

ఈ వాదన తిరగేసి చదవండి. మన సంగతి కనిపిస్తుంది. ఉర్దూ మాట్లాడితే ఇక్కడివాడు కాదన్నట్టు చూస్తారు. తెలుగు మాట్లాడితే, 'మీరు ముస్లింలా, తెలుగు ఇంత బాగా మాట్లాడుతున్నారే' అంటారు. తరతరాలుగా తెలుగే ఇంటిభాషగా ఉన్న దూదేకులవాళ్ళని మన ఉర్దూ ఇళ్ళే ఒక మెట్టు కింద కూర్చోబెట్టాయి. భాషనీ మతాన్నీ ఒకే తాడుకి కట్టే పని పాలకులే చేయక్కర్లేదు, మనమూ చేశాం.

ములేయ్ మాట ఎవరూ వినలేదు. 1568 చివర్లో అల్పుహారా కొండల్లో తిరుగుబాటు లేచింది, 1571కి అణిగిపోయింది. రెండు వైపులా ఘోరాలు జరిగాయి. గ్రనడా మొరిస్కోలని గుంపులు గుంపులుగా కాస్తీల్ ఊళ్ళకి తోలారు. దారిలోనే ఎంతోమంది పోయారు. 1609 నుంచి 1614 వరకు మొత్తం దేశం నుంచే వెళ్ళగొట్టారు. సుమారు మూడు లక్షల మంది. అబ్దుర్రహ్మాన్ వచ్చిన సముద్రం మీదే వాళ్ళని ఓడలెక్కించారు. వాళ్ళు అరేబియా నుంచి వచ్చినవాళ్ళు కాదు. ఎక్కువమంది ఎన్నో తరాల కింద ఇస్లాం తీసుకున్న ఆ నేల బిడ్డలే. మొరాకోలో దిగితే అక్కడివాళ్ళు వీళ్ళ స్పానిష్ మాట విని, వీళ్ళు క్రైస్తవులేమోనన్నారు. ముహాజిర్ అనే మాటకి అర్థం మన ఇళ్ళలో కొన్నిటికి బాగా తెలుసు.

వాళ్ళలో అరబ్బీ మరిచిపోయినవాళ్ళు తమ మతాన్ని స్పానిష్‌లోనే రాసుకున్నారు, లిపి మాత్రం అరబ్బీ. దాన్ని అల్హామియాదో అంటారు. మూలం 'అజమీ'. 1884లో అరగాన్ ప్రాంతంలో అల్మొనసీద్ అనే ఊళ్ళో పాత ఇల్లు కూలుస్తుంటే దొంగ నేల కింద దాచిన అలాంటి రాతప్రతులు బయటపడ్డాయి. ఎప్పటికైనా తిరిగొస్తామనుకుని దాచారేమో.

స్పెయిన్ 2015లో ఒక చట్టం చేసింది. 1492లో వెళ్ళగొట్టిన యూదుల వారసులు పౌరసత్వం అడగవచ్చని. మంచి పని, చేయవలసిన పని. మొరిస్కోల వారసులకి అలాంటి చట్టం లేదు. గ్రనడాలో ఇప్పటికీ జనవరి 2న విజయోత్సవం చేస్తారు, దానికి వ్యతిరేకంగా అక్కడి స్పానిష్ జనమే వీధిలోకొస్తారు. సెప్టెంబర్ 17 వచ్చినప్పుడల్లా విమోచనమా, విలీనమా అని కొట్టుకునే మనకి ఆ వీధి కొత్తగా అనిపించదు.

అందలుస్ అంటే మూడు మతాలు కలిసి పాలుతేనెలు పంచుకున్న స్వర్గం అనే మాట మేం అనం. 1066లో గ్రనడాలో యూదుల మీద జరిగిన ఊచకోత ముస్లిం పాలనలోనే జరిగింది. మువహ్హిద్‌ల హయాంలో కొర్దోబా విడిచి పారిపోయిన కుటుంబాల్లో మైమోనిడిస్ కుటుంబం ఒకటి. అబ్దుర్రహ్మాన్ కూడా కత్తితోనే రాజయ్యాడు. సుల్తానుల తప్పొప్పులకి మనం వకీళ్ళం కానక్కర్లేదు. మనకి చుట్టాలెవరైనా ఉంటే కాలవలు తవ్వినవాళ్ళు, పట్టు నేసినవాళ్ళు, గాడిదల మీద సరుకు తోలినవాళ్ళు, అర్జీ రాసిన ఆ ముసలాయన.

కాబట్టి రోజు ఇలా గడపాలనుకున్నాం. పొద్దున మొదటి బస్సు. దిగగానే నేరుగా సముద్రం దగ్గరికి, విగ్రహం దగ్గరికి. ఎండ ముదరకముందే కోట ఎక్కాలి. కోటకీ మ్యూజియానికీ ఒకటే టిక్కెట్టు, మధ్యాహ్నం మూసేస్తారు. అప్పుడు భోజనం, చేపలు ఎలాగూ దొరుకుతాయి. తర్వాత తోటలో తొట్లు, ఊరి బయట రోమన్ కాలవ. సాయంత్రం బజారులో చిరిమోయా కొనాలి, గింజలు ఎక్కువ, సీతాఫలం తిన్నవాళ్ళకి చెప్పనక్కర్లేదు. సోమవారం కుదరదు, కోట, మ్యూజియం రెండూ మూత. శుక్రవారం గ్రనడాలోనే ఉండాలి. అల్బైసిన్ గుట్ట మీద 2003లో తెరిచిన మసీదు ఉంది, అయిదు వందల ఏళ్ళ తర్వాత ఆ ఊళ్ళో కట్టిన మొదటి మసీదు, అక్కడ జుమా చదవాలి. అందుకని గురువారం ఖాయం చేశాం.